నర్గీస్ తుపాను – మూడు వారాల ఆలస్యం

(సంచౌంగ్, యాంగోన్ నుండి)

2025 మార్చి 28వ తేదీ మధ్యాహ్నం సగాయింగ్, మాండలే ప్రాంతాలలో భూమి కంపించింది. ఆ కదలిక ఇక్కడ యాంగోన్ నగరంలో, మా సంచౌంగ్ పేటలోని మేడల మీద కూడా కొద్దిగా తెలిసింది. తరువాత కొన్ని రోజులు మా ఇంట్లో మాటలన్నీ దాని గురించే. అక్కడ శిథిలాల క్రింద చిక్కుకున్నవారిని ఇరుగుపొరుగువారే వట్టి చేతులతో తీస్తున్నారని విని, మా చెల్లెలి మనుమడు నన్నొక ప్రశ్న అడిగాడు: "తాతయ్యా, సర్కారువాళ్ళు ఎప్పుడూ ఇంత ఆలస్యంగానే వస్తారా? నర్గీసు అప్పుడూ ఇంతేనా?"

వాడు నర్గీసు తరువాత పుట్టినవాడు. "అవునురా" అని ఒక్క మాటతో సరిపుచ్చవచ్చు. కాని ఆ ఒక్క మాట వల్ల వాడికి కోపం వస్తుందే గాని విషయం తెలియదు. ఆలస్యం ఎక్కడ పుడుతుంది, ఎవరి చేతిలో పెరుగుతుంది, దానిని తగ్గించిన వారెవరైనా ఉన్నారా? ఇవి తెలిస్తేనే ఆ కోపానికి ఒక ప్రయోజనం ఉంటుంది. మారిషస్, ఫిజీ, మలేసియా, దక్షిణాఫ్రికా దేశాలలో ఉన్న మన సోదర సోదరీమణులు కూడా గాలివానలను, వరదలను ఎరిగినవారే. అందుచేత ఆ పిల్లవానికి చెప్పిన సంగతులనే కొంచెం వరుసగా పేర్చి ఇక్కడ వ్రాస్తున్నాను.

మనకూ ఆ నేలకూ ఉన్న బంధం

ఫిజీకి, మారిషస్‌కు వెళ్ళిన మన పెద్దలు ఒప్పంద పత్రాల మీద వ్రేలిముద్రలు వేసి ఓడ ఎక్కారు. బర్మాకు వచ్చినవారి సంగతి కొంచెం వేరు. ఇక్కడ కాగితం కంటె మేస్త్రీ ఇచ్చిన బయానా బలమైనది. ఓడకూలికీ, ఇంటి ఖర్చుకూ మేస్త్రీ ముందుగా డబ్బిచ్చేవాడు. అది తీరేవరకు మనిషి అతని చెప్పుచేతలలో ఉండేవాడు. నేటి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల పల్లెలలో "రంగం వెళ్ళాడు" అంటే రంగూనుకు కూలికి పోయాడని అర్థం. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగా ఇక్కడి వారు మనవాళ్ళందరినీ కోరంగీలు అనేవారు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఐరావతి నదీముఖ ప్రాంతాన్ని అడవులు కొట్టి వరి పొలాలుగా మార్చారు. ఆ ధాన్యాన్ని రంగూను మిల్లులలో ఆడించినవారిలోను, రేవులో బస్తాలు మోసినవారిలోను, రిక్షాలు లాగినవారిలోను మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉండేవారు. 1942 యుద్ధంలో ఎందరో కాలినడకన వెళ్ళిపోయారు. 1960 దశకంలో వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు మరికొందరు వెళ్ళారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట ఈనాటికీ ఆ సంగతిని గుర్తుచేస్తుంది. మిగిలినవారి పిల్లలం మేము.

ఇంకొక బంధం కూడా ఉంది. కోరంగిని 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన ముంచివేసింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి గాలివానలను పరిశీలించి 1840 దశకంలో 'సైక్లోన్' అనే పేరు పెట్టాడు. అతడు గ్రంథంలో వర్ణించిన విపత్తులలో కోరంగి ఉప్పెన ఒకటి. అంటే మన పెద్దలు ఓడ ఎక్కిన తీరమూ, దిగిన తీరమూ రెండూ ఒకే సముద్రం దెబ్బ తిన్నవే.

ఆ రాత్రి

2008 ఏప్రిల్ 27వ తేదీన బంగాళాఖాతం నడుమ ఒక వాయుగుండం ఏర్పడింది. అది బలపడి తుపాను కాగా, ముందే నిర్ణయించిన జాబితా ప్రకారం దానికి నర్గీస్ అనే పేరు వచ్చింది. ఆ పేరును సూచించిన దేశం పాకిస్తాన్; ఉర్దూలో అది ఒక పువ్వు పేరు. మే 2వ తేదీ సాయంకాలం అది ఐరావతి డెల్టాను తాకి, లబుత్తా, బోగలే ప్రాంతాల మీదుగా తూర్పుకు నడిచి, 3వ తేదీ తెల్లవారుజామున యాంగోన్ మీదికి వచ్చింది.

మా సంచౌంగ్ ఇరుకు వీధుల పేట. ఒక ప్రక్క ప్యే రోడ్డు, మధ్యగా బహో రోడ్డు, మ్యేనిగోన్ కూడలి. వాటి నడుమ వరుసగా సన్నని మేడలు. ఆ రాత్రి మేము గోడకు ఆనుకొని కూర్చున్నాం. పైకప్పుల రేకులు ఎగిరి ఎక్కడో పడుతున్న చప్పుడు, కిటికీ అద్దాలు పగులుతున్న చప్పుడు, ఆ రెండింటినీ మించి గాలి హోరు. తెల్లవారి చూస్తే వందేండ్ల నిద్రగన్నేరు చెట్లు వేళ్ళతో సహా రోడ్డుకు అడ్డంగా పడివున్నాయి. కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు. మోటారు లేకపోతే మేడ మీదికి నీళ్ళు లేవు. త్రాగే నీరు, కొవ్వొత్తులు, ఇంటి రేకులు, పెట్రోలు అన్నింటి ధరలూ రోజురోజుకూ పెరిగాయి.

మొదట గొడ్డళ్ళు పట్టుకొని వచ్చినవారు వీధివారు. తరువాత కాషాయ వస్త్రాలు ఎగగట్టుకొని బౌద్ధ భిక్షువులు వచ్చారు. సైనికులు కనబడడానికి మరికొంత కాలం పట్టింది. అప్పటికి మా వీధిలో నడిచే దారి మేమే చేసుకున్నాం. మాది పెద్ద కష్టం అనుకున్నాం. డెల్టాలో ఏమైనదో మాకు ఇంకా తెలియదు.

ఉప్పెన అంత లోతుకు ఎందుకు వచ్చింది?

నర్గీసులో అత్యధికుల ప్రాణాలు తీసింది నీరు. సముద్రం లోతు తక్కువగా ఉన్నచోట తుపాను గాలి నీటిని తీరం వైపు తోసినప్పుడు, ఆ నీరు క్రిందికి పోవడానికి చోటులేక పైకి లేస్తుంది. దానినే మనం ఉప్పెన అంటాం. బంగాళాఖాతం ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతుంది. నదుల మట్టి పేరుకొని తీరం దగ్గర లోతు తగ్గుతుంది. అందుచేత ఈ సముద్రంలో ఉప్పెనలు ఎక్కువ.

సాధారణంగా ఈ సముద్రంలో పుట్టిన తుపానులు పడమటగా ఆంధ్ర, ఒరిస్సా తీరాలకో, ఉత్తరంగా బంగ్లాదేశ్, అరకాన్ తీరాలకో పోతాయి. నర్గీస్ అలా పోలేదు. అది తూర్పుకు తిరిగి డెల్టా అంచు వెంటే నడిచింది. కేంద్రానికి ముందు వీచే దక్షిణపు గాలి ఒక నదీముఖం తరువాత మరొక నదీముఖంలోకి నీటిని తోసుకుంటూ పోయింది. పన్నెండు అడుగుల ఎత్తు వరకు లేచిన నీరు కొన్నిచోట్ల నలభై కిలోమీటర్ల లోపలికి వెళ్ళింది. ఆ నేల బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కడానికి గుట్ట లేదు. పూర్వం తీరానికి అడ్డుగోడలా ఉండిన మడ అడవులను వంటచెరకుకూ, వరిపొలాలకూ, రొయ్యల చెరువులకూ చాలావరకు కొట్టివేశారు. ఆ డెల్టా మనుషుల జ్ఞాపకంలో అటువంటి ఉప్పెన లేదు. కనుక పరుగెత్తాలన్న ఆలోచన కూడా చాలామందికి రాలేదు.

ప్రభుత్వ లెక్క ప్రకారం మరణించినవారు 84,537 మంది. జాడ తెలియనివారు 53,836 మంది. తీవ్రంగా దెబ్బతిన్నవారు సుమారు 24 లక్షల మంది. చనిపోయినవారిలో నూటికి అరవైమందికి పైగా స్త్రీలేనని ఆ తరువాతి పరిశీలనలో తేలింది. చంకలో పిల్లలతో చెట్టు పట్టుకొని ఎంతసేపు నిలబడగలరు?

నాలుగు ఆలస్యాలు

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఆలస్యం అంటే ఒకటే అని మనం అనుకుంటాం. విడదీసి చూస్తే అది నాలుగు విధాలు.

మొదటిది హెచ్చరిక విషయంలో జరిగిన ఆలస్యం. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులను కనిపెట్టి చుట్టుప్రక్కల దేశాలకు తెలియజేసే బాధ్యత ప్రపంచ వాతావరణ సంస్థ ఏర్పాటు ప్రకారం ఢిల్లీలోని భారత వాతావరణ శాఖది. తాము బర్మాకు వరుసగా హెచ్చరికలు పంపామని, తుపాను ఎక్కడ తాకుతుందో నలభైయెనిమిది గంటల ముందే చెప్పామని ఆ శాఖవారు తెలిపారు. ఇక్కడి రేడియోలోను, టెలివిజన్‌లోను కూడా వార్త వచ్చింది. కాని ఎలా వచ్చింది? గాలి ఇంత వేగం, వర్షం పడవచ్చు అని వచ్చింది. 'సముద్రం మీ ఊరి మీదికి వస్తుంది, ఈ రాత్రికి ఇల్లు విడిచి వెళ్ళండి' అని రాలేదు. మారిషస్‌లో ఉన్న మన పాఠకులకు ఈ తేడా సులభంగా తెలుస్తుంది. అక్కడ హెచ్చరికను ఒకటి నుండి నాలుగు వరకు తరగతులుగా చెబుతారు. ఏ తరగతికి బడి మూయాలో, ఏ తరగతికి గడప దాటకూడదో పిల్లలకు సైతం తెలుసు. హెచ్చరిక వినగానే ఏమి చేయాలో తెలియాలి. అది తెలియనప్పుడు హెచ్చరిక వట్టి వార్తగా మిగిలిపోతుంది.

రెండవది చోటు విషయంలో. వెళ్ళమన్నా ఎక్కడికి వెళ్తారు? డెల్టా పల్లెలలో ఇండ్లు వెదురు, నీపా ఆకులతో కట్టినవి. తుపాను ఆశ్రయ భవనాలు దాదాపు లేవు. గట్టిగా నిలబడినవి చాలాచోట్ల బౌద్ధ విహారాలే. బ్రతికినవారు వాటిలోనే బ్రతికారు. ఈ ఆలస్యం ఆ రాత్రి జరిగింది కాదు. అంతకు పూర్వం ఎన్నో సంవత్సరాలుగా కట్టవలసినది కట్టకపోవడం వల్ల జరిగింది.

మూడవది లెక్క విషయంలో. మే 4వ తేదీన ప్రభుత్వ వార్తలలో మృతుల సంఖ్య 351. 6వ తేదీకి అది 22 వేలు దాటింది. ప్రజలకు కూడా ఆ సంఖ్యలతోనే సంగతి తెలిసింది. క్రింది అధికారి పై అధికారికి చెడ్డవార్త చెప్పడానికి భయపడే చోట ఇటువంటి లెక్క ఆలస్యంగానే పైకి పోతుంది. తక్కువ లెక్క పైకి పోతే తక్కువ సాయమే క్రిందికి దిగుతుంది. పైగా పాలకులు 2005 చివరలో రాజధానిని యాంగోన్ నుండి సుమారు రెండు వందల మైళ్ళ ఉత్తరాన ఉన్న నేపిడాకు మార్చుకున్నారు. గాలివాన వారి ఇంటిమీదికి రాలేదు.

నాలుగవది అనుమతి విషయంలో. దీనినే కొంచెం వివరంగా చెప్పాలి. మిగిలిన మూడింటికీ పేదరికమో, అలవాటో, అజ్ఞానమో కారణమని సర్దిచెప్పవచ్చు. దీనికి అటువంటి సాకు లేదు.

మూడు వారాల వరుస

గాలివాన వెళ్ళిన వెంటనే సాయం సముద్రం మీద బయలుదేరింది. భారత నౌకాదళపు ఓడలు రెండు అండమాను నుండి సరకులతో మే 7వ తేదీకల్లా యాంగోన్ చేరాయి. ఇరుగుపొరుగు దేశాల నుండి విమానాలు వచ్చాయి. సరకు తీసుకోవడానికి అంతగా అభ్యంతరం లేదు. దానిని పంచే మనుషులను రానివ్వడానికే అభ్యంతరం. ఇటువంటి పనిలో ఆరితేరినవారు వీసాల కోసం బాంకాక్‌లో కూర్చున్నారు. మే 9వ తేదీన ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ తమ విమానాలలో వచ్చిన సరకును అధికారులు స్వాధీనం చేసుకున్నారని చెప్పి, రాబోయే విమానాలను కొద్దికాలం ఆపవలసి వచ్చింది. మొదటి అమెరికన్ విమానం దిగింది 12వ తేదీన. ఫ్రెంచి, అమెరికన్ నౌకలు తీరానికి దూరంగా వారాల తరబడి నిలిచి, అనుమతి దొరకక వెళ్ళిపోయాయి.

మే 10వ తేదీన ఏమి జరిగిందో గుర్తుంచుకోవాలి. సైనిక పాలకులు తాము వ్రాసిన కొత్త రాజ్యాంగం మీద ఆనాడు ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. దెబ్బతిన్న 47 టౌన్‌షిప్పులలో మాత్రం 24వ తేదీకి వాయిదా వేశారు. శవాలు ఇంకా నీటిలో ఉండగా ఓటు పెట్టెలు సిద్ధమయ్యాయి. నూటికి తొంభైరెండు మందికి పైగా ఒప్పుకున్నారని తరువాత ప్రకటించారు.

మే 19వ తేదీన ఆసియాన్ విదేశాంగ మంత్రులు సింగపూరులో కలిసి, సాయమంతా తమ సంస్థ ద్వారా నడిపేటట్టు ఒక మధ్యే మార్గం కనుగొన్నారు. 23వ తేదీన ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ నేపిడాకు వెళ్ళి సేనాధిపతి థాన్ ష్వేను కలిశారు. ఏ దేశపు సహాయ కార్యకర్తలనైనా రానిస్తామని ఆనాడు మాట వచ్చింది. మే 3 నుండి మే 23 వరకు, సరిగ్గా ఇరవై రోజులు.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు" అని మన పెద్దల సామెత. ఈ సామెతకు ఇంతకంటె పెద్ద ఉదాహరణ నేను ఎరుగను.

మా లారీ

అనుమతి అనేది పెద్ద పెద్ద ఓడలకు సంబంధించిన విషయం అని పాఠకులు అనుకోవద్దు. అది మా వీధి వరకూ వచ్చింది. గాలివాన వెళ్ళిన అయిదవ రోజున మేము కొన్ని కుటుంబాలవాళ్ళం కలిసి బియ్యం, ఉప్పు, కొవ్వొత్తులు, పాత లుంగీలు, మంచినీళ్ళ డబ్బాలు, ఒక సంచి నిండా మందులు పోగుచేశాం. ఒక చిన్న లారీ మాట్లాడుకొని త్వాంతే దాటి కున్‌చాంగోన్ వైపు బయలుదేరాం. దారిలో ఆపారు. "పైనుంచి కాగితం రావాలి" అన్నారు. ఆ కుర్ర సైనికుని ముఖంలో పొగరు లేదు, ఉన్నదల్లా భయం. మేము వెనుదిరిగాం.

కాగితం కోసం ఒక కార్యాలయం గుమ్మం దగ్గర మూడు రోజులు నిలబడ్డాం. సరకు అక్కడ అప్పగిస్తే వాళ్ళే పంచుతారట. మేము ఒప్పుకోలేదు. చివరకు ఎరిగిన ఒక భిక్షువు తమ విహారం పేరు మీద మమ్మల్ని తీసుకుపోయారు. ఆయన వెంట ఉంటే ఎవరూ ఆపలేదు.

మేము చేరిన ఊరి విహారంలో ఇన్నూరు మంది వరకు ఉన్నారు. బావులు ఉప్పెక్కిపోయాయి, వాన నీటిని టార్పాలిను గుడ్డలో పట్టి త్రాగుతున్నారు. ఒక ముసలామె మా చేతులు పట్టుకొని కూర్చోబెట్టి, లోపలినుంచి తన కొడుకు చొక్కా తెచ్చి చూపింది. రేకు తగిలి అతని కాలు తెగింది. గాయం చీము పట్టింది. జ్వరం వచ్చింది. క్రిందటి రోజు సాయంకాలం పోయాడు. మా సంచిలోని మందులు మూడు రోజులుగా సంచౌంగ్‌లో మా వరండాలో ఉన్నాయి. అవి అతన్ని బ్రతికించేవని నేను చెప్పలేను. అయితే అవి అక్కడ ఉండవలసిన రోజున మా వరండాలో ఉన్నాయని మాత్రం చెప్పగలను. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేము తెచ్చిన లుంగీ ఒకటి తీసుకొని, ప్రక్కవాళ్ళకు కూడా ఇవ్వమంది.

మాలాగే ఆ నెలలో యాంగోన్ నుండి వేలమంది సామాన్యులు లారీలలో, పడవలలో వెళ్ళారు. సితగు సయాడో వంటి పెద్ద భిక్షువులు డెల్టాలో సహాయ కేంద్రాలు నడిపారు. హాస్యనటుడు జర్గనార్ కొన్ని వందలమంది కళాకారులను, మిత్రులను కూడగట్టి సరకులు చేరవేశాడు. చూసిన దుస్థితిని విదేశీ విలేకరులకు చెప్పాడు. జూన్ 4వ తేదీన అతన్ని అరెస్టు చేశారు. నవంబరులో 45 సంవత్సరాల శిక్ష వేశారు. తరువాత దానిని పెంచారు, మళ్ళీ తగ్గించారు; చివరకు 2011 అక్టోబరులో విడిచిపెట్టారు. సాయం చేయడం నేరం కాలేదు. సాయం రాలేదని చెప్పడం నేరమైంది.

దివిసీమను చూడండి

ఇది బర్మావారి స్వభావం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన సొంతగడ్డ మీద కూడా ఇటువంటి దినం వచ్చింది. 1977 నవంబరు 19వ తేదీన కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, హంసలదీవి వంటి ఊళ్ళు తుడుచుకుపోయాయి. మరణాలు అధికారికంగానే సుమారు పదివేలు. ఇంకా ఎక్కువని ప్రజల నమ్మకం. అక్కడా హెచ్చరిక పల్లెలకు చేరలేదు. అక్కడా రోడ్లు తెగి, తంతులు తెగి, మొదటి రోజులలో బయటి లోకానికి సంగతే తెలియలేదు. ప్రభుత్వం ఆలస్యం చేసిందని అక్కడా జనం మండిపడ్డారు.

తేడా ఆ తరువాత వచ్చింది. పత్రికలు వ్రాశాయి, శవాల ఫోటోలు అచ్చువేశాయి. శాసనసభలో అడిగేవారు ఉన్నారు. స్వచ్ఛంద సేవకులు, విద్యార్థులు, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు వెళ్తుంటే దారిలో కాగితం అడిగినవారు లేరు. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపి, విదేశాంధ్రులను ఆహ్వానించిన మండలి వెంకట కృష్ణారావు గారిది ఆ అవనిగడ్డ ప్రాంతమే. ఉప్పెన తరువాత ఆయన అక్కడి సహాయ, పునర్నిర్మాణ కార్యక్రమాలలో నిలబడిన సంగతి తెలుగువారికి తెలుసు. తరువాతి సంవత్సరాలలో ఆ తీరం వెంట తుపాను ఆశ్రయాలు కట్టారు. హెచ్చరిక ఎవరు ఎవరికి చెప్పాలో వ్రాసిపెట్టుకున్నారు.

1990 మే 9వ తేదీన దాదాపు అదే తీరానికి అంతటి తుపానే మళ్ళీ వచ్చింది. ముందుగానే లక్షల మందిని ఖాళీ చేయించారు. మరణాలు వెయ్యికి లోపు. వెయ్యి చిన్న సంఖ్య కాదు. కాని 1977 నాటి సంఖ్యలో పదవ వంతు. అక్కడితో అంతా బాగుపడిందనీ చెప్పలేను. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమ తుపానులో మళ్ళీ వెయ్యిమందికి పైగా పోయారు. నేర్చిన పాఠాన్ని ఏటేటా వల్లె వేయకపోతే మరచిపోతాం.

బాల్యంలో మూడేండ్లు మాండలేలో గడిపిన ఆర్థికవేత్త అమర్త్య సేన్ కరువుల గురించి ఒక మాట చెప్పారు. ఎన్నికలూ, స్వేచ్ఛగల పత్రికలూ ఉన్న దేశంలో పెద్ద కరువు రాదని, ఎందుకంటే పాలకులు జనానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని ఆయన వాదం. ఉప్పెనకూ అది వర్తిస్తుందని నా అభిప్రాయం. గాలిని ఎవరూ ఆపలేరు. గాలి వెళ్ళిన మర్నాడు కదిలే వేగం మాత్రం, కదలకపోతే ఎవరికి జవాబు చెప్పాలి అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ మే నెల చివర ఇక్కడి ప్రభుత్వ పత్రిక ఒకటి, విదేశీయుల చాక్లెట్లు లేకపోయినా డెల్టావారు కూరగాయలూ, కప్పలూ తిని బ్రతకగలరన్న భావంతో వ్రాసింది. జవాబుదారీ లేనిచోట అటువంటి మాటలు వస్తాయి.

పదిహేడేండ్ల తరువాత

మా పిల్లవాని ప్రశ్నకు మిగిలిన సగం: ఇప్పుడు ఏమైనా మారిందా? కొంత మారింది. 2023 మే 14న మోఖా తుపాను అరకాన్ తీరాన్ని తాకినప్పుడు ముందుగా చాలామంది సురక్షిత స్థలాలకు తరలారు. కాని ఆ తరువాతి నెలలో అక్కడి సహాయ సంస్థల ప్రయాణ అనుమతులను ఆపివేశారు. 2025 భూకంపం నాడు సైనిక పాలకులు మొదటి రోజే విదేశాల సాయం కోరారు. నర్గీసు నాడు ఇది ఊహకు కూడా అందలేదు. భారతదేశం నుండి, చైనా నుండి, ఇంకా ఎన్నో దేశాల నుండి రక్షణ దళాలు వచ్చాయి. అయినా అంతర్యుద్ధం నడుస్తున్న ప్రాంతాలలో బాంబుదాడులు పూర్తిగా ఆగలేదు. సాయం అన్ని ఊళ్ళకూ సమానంగా చేరలేదు. అధికారిక లెక్క ప్రకారం 3,700 మందికి పైగా మరణించారు. అంటే బయటి తలుపు తెరుచుకుంది. లోపలి తలుపులు కొన్ని మూసే ఉన్నాయి.

మనం చేయగలిగినది

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటె ముందే కొన్ని పనులు చేసుకోవచ్చు. నర్గీసు తరువాత మా వీధివాళ్ళం అలవాటు చేసుకున్నవి ఇవి. ప్రతి వానాకాలానికి ముందు ఏ మేడలో ఎవరు ముసలివాళ్ళు, ఎవరు గర్భిణులు, ఎవరు ఒంటరివాళ్ళు అన్నది ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటాం. మనిషికి మూడు రోజులకు సరిపడే త్రాగునీరు మూతపెట్టి ఉంచుతాం. ఒక గొడ్డలి, ఒక రంపం, ఒక మోకు వీధి పేరు మీద ఉంటాయి. దగ్గరలోని విహారం పెద్దలతో ముందే మాట్లాడి ఉంచుతాం. సర్కారు రాకముందు గడిచే మొదటి మూడు రోజులు ఎప్పటికీ ఇరుగుపొరుగు చేతిలోనే ఉంటాయి. ఇది ఏ దేశంలోనైనా నిజమే.

దూరదేశాలలో ఉన్న మన బంధువులకు ఒక మనవి. సాయం పంపదలచినప్పుడు పాత బట్టలు కాక డబ్బు పంపండి; అది దెబ్బతిన్న ఊరికి అతి దగ్గరగా ఉన్న నమ్మకమైన చేతికి పంపండి. నర్గీసులో ముందుగా చేరినవారంతా అటువంటివారే. రెండవది, మీ దేశంలో అడగడానికి వీలుంటే అడగండి. మా ఊరి ఆశ్రయం ఎక్కడ, తాళం ఎవరి దగ్గర, హెచ్చరిక మాకు ఏ భాషలో వస్తుంది అని గాలి లేని రోజున అడగండి. ఇక్కడ ఆ ప్రశ్న అడిగినందుకు జైలుకు పోయినవారిని మేము చూశాం.

అయితే ఊరివారే అన్నీ చేసుకుంటారు గనుక సర్కారు అక్కరలేదని నా భావం కాదు. మా లారీలో పట్టింది కొన్ని బస్తాలు. ఇరవై నాలుగు లక్షల మందికి కావలసినవి ఓడలు, హెలికాప్టర్లు, వైద్యులు. అవి ప్రభుత్వాలు మాత్రమే తేగలవు. ఇరుగుపొరుగు మంచితనాన్ని పొగిడి ప్రభుత్వపు బాకీని మాఫీ చేయకూడదు.

ఇదంతా విని మా పిల్లవాడు కొంచెంసేపు ఊరుకొని, "అయితే తాతయ్యా, ఆ మందుల సంచి ఏమైంది?" అని అడిగాడు. ఆ విహారంలోనే ఇచ్చివచ్చామని చెప్పాను. ఇంకా చాలామందికి గాయాలు ఉన్నాయి. మందులన్నీ ఆ సాయంకాలమే అయిపోయాయి.